రేడియో సౌండ్ తగ్గించండమ్మా

మా లోకల్ ఎఫ్‌ఎంలో మధ్యాహ్నం ప్రోగ్రాం నడిపే ఆయన గొంతు వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మంచి గొంతే, కాదనను. నందిగామలో బట్టల షాపు పైన మేడ మీద స్టూడియో. అక్కడ కూర్చుని ఒకరోజు షుగరు డాక్టరును, ఒకరోజు వ్యవసాయం ఆఫీసరును, ఒకరోజు ఎవరో పెద్దమనిషిని ఎదురుగా పెట్టుకుని మాలాంటి వాళ్ళ ఫోన్లు తీసుకుంటాడు. ఎవరు లైన్లోకి వచ్చినా ముందు ఒకటే మాట. "రేడియో సౌండ్ తగ్గించి మాట్లాడండమ్మా." మన రేడియో పక్కనే మోగుతుంటే అక్కడ కీచుమంటుందట.

చిల్లకల్లు దాటి కాస్త లోపలికి వస్తే మా ఊరు. మా ఆయన జగ్గయ్యపేటలో ఆటో తోలతాడు. నేను ఇంట్లోనే మిషను కుడతాను. మిషను తొక్కుతూ రేడియో వినడం అలవాటై, ఆ ప్రోగ్రాం నడిచే తీరు నాకు కంఠతా వచ్చేసింది. ముందు ఒక అమ్మాయి ఫోనెత్తి ఏం మాట్లాడతారని అడుగుతుంది. గొడవ పెట్టుకునేలా ఉన్నవాళ్ళను హోల్డులో పెట్టి మర్చిపోతుంది. పొగిడేవాళ్ళను మాత్రం చివరికి దాచిపెడుతుంది, ప్రోగ్రాం తీపిగా ముగియాలి కదా. ఆఖర్న వేణువు ట్యూన్ వస్తుంది. అది వినగానే ప్రోగ్రాం అయిపోయిందని జనం రేడియో కట్టేసి అన్నాలకు లేస్తారు. నిజానికి అప్పటికి అవదు. ఆ ట్యూన్ మీదే ఆయన యాడ్లిచ్చిన షాపుల పేర్లన్నీ చదువుతాడు, వచ్చిన అతిథికి దండాలు పెడతాడు. అంతసేపూ ఆఖరి ఫోను లైన్లోనే ఉంటుంది. ఎవరైనా ఆయనకు నచ్చని మాట ఎత్తితే ఆ ట్యూనే ముందుగా మొదలెట్టి, సౌండ్ పెంచి, వాళ్ళ గొంతు ముంచేస్తాడు. నన్నూ అలాగే ముంచాడు.

మా ఇళ్ళ వెనక క్వారీ ఉంది. మధ్యాహ్నం అన్నాల వేళకు అక్కడ రాళ్ళు పేలుస్తారు. సైరన్ మోగించి, మనుషులు ఇళ్ళలోకి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు పేల్చాలి. వీళ్ళకు ఆగే ఓపిక ఎక్కడిది? సైరన్ కూత ఇంకా చెవుల్లో ఉండగానే ఢామ్మనిపిస్తారు. ఆ రోజు మా అమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. మంచం వరండాలో ఉంది, అమ్మ వాకిట్లో ఉంది, నేను గుమ్మంలో ఉన్నాను. సైరన్ విని అమ్మ లేచి ఇటు తిరిగిందో లేదో, గోడ మీదుగా రాయి వచ్చి ఆమె ఎడమ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను.

జగ్గయ్యపేటలో ఎముకల డాక్టరు లోపల కమ్మీ వేసి కుట్లు వేశాడు. మేం ఆసుపత్రిలో ఉండగానే క్వారీ మేనేజర్ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి, ముసలావిడ మంచం మీద నుంచి పడిందని చెప్పుకొచ్చాడు. అడగడానికి మా ఆయన క్వారీకి వెళ్తే గేటు కూడా తీయలేదు.

కొన్నాళ్ళకు రేడియోలో వేరే ఎముకల డాక్టరు మాట్లాడే రోజు వచ్చింది. మా అమ్మ చెయ్యి మళ్ళీ మడత పడుతుందా అని అడుగుదామని ఫోన్ చేశాను, అంతకుమించి నా మనసులో ఏం లేదు. డాక్టరే, చెయ్యి ఎలా విరిగిందమ్మా అన్నాడు. "క్వారీ రాయి తగిలిందండి, మా ఊళ్ళో..." అన్నానో లేదో, పక్కింటి రేడియోలో నా గొంతు పోయి వేణువు వినపడింది. అది ఒక ఎత్తు. మర్నాడు ప్రోగ్రాం మొదట్లోనే ఆ తియ్యని గొంతు ఇలా చదివింది. "నిన్న ఒక శ్రోత పొరపాటున క్వారీ ప్రస్తావన తెచ్చారు. ఆ పెద్దావిడ మంచం మీద నుంచి జారిపడ్డారని క్వారీ యాజమాన్యం తెలియజేసింది." ఆ యాజమాన్యం పేరు రోజూ ట్యూన్ మీద చదివే పేర్లలో అందరికంటే ముందు వస్తుంది.

మా అమ్మకు మాటంటే మాటే. మా వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాడుకుంటే, ఎవరు ముందు ఏమన్నారో చెప్పమని ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె చెప్పిందంటే ఇంక తగువు లేదు. అలాంటి మనిషి రేడియో దెబ్బకు అబద్ధాలకోరు అయిపోయింది. పక్క ఊళ్ళో నిఖాకు వెళ్తే ఒకావిడ పెద్ద పరామర్శగా, "ఎంత ఎత్తు మంచం పిన్నీ? పట్టె మంచమా, నులక మంచమా?" అని అడిగిందట. అందరూ నవ్వారట. అమ్మ భోజనం చేయకుండా వచ్చేసింది. ఆ తర్వాత గడప దాటలేదు. పిండి పిసకడానికి చెయ్యి రాదు, మాట చెప్పడానికి నోరు రాదు. ఒక సాయంత్రం మిషను పక్కన కూర్చుని, "నేను పడలేదే. రాయే తగిలింది. నువ్వన్నా నమ్ముతున్నావా?" అంది.

కళ్ళారా చూసిన కూతుర్ని అడిగిందామాట. ఆ క్వారీ ఓనరును, ఆ తియ్యగొంతు ఆయన్ను ఇద్దర్నీ అదే రేడియోలో, ఊరంతా వింటుండగా నేల మీదికి దించకపోతే నేను మా అమ్మ కూతుర్నే కాదనుకున్నాను. రోజూ మిషను తొక్కుతూ అదే ఆలోచన. అన్నం తింటున్నా అదే.

చలికాలం వచ్చేసరికి రేడియోలో ఒక ప్రకటన మొదలైంది. క్వారీ ఓనరు గారు 'మన ఊరి బాగు' గురించి మాట్లాడతారట, శ్రోతలు ఫోన్ చేయవచ్చట. ఆ ముందురోజు, నన్ను అక్కలా చూసి ఆపా అని పిలిచే మా పక్కింటావిడ జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. క్వారీలో సైరన్ నొక్కేది వాళ్ళాయనే.

"రేపు మా ఆయన అన్నానికి లేటుగా వస్తాడంట ఆపా," అంది. "ఓనరు గారు రేడియోలో మాట్లాడతన్నారంట గదా. పోగ్రాం అయ్యేదాకా పేల్చొద్దని మేనేజర్ చెప్పాడంట. షెడ్డులో రేడియో పెట్టుకుని కూర్చుంటాడంట. ట్యూన్ రాగానే నొక్కేస్తాడంట."

నా చేతిలో టేపు ఆగిపోయింది.

"చేతులు పొట్టిగా పెట్టనా, మోచేతి దాకా పెట్టనా?" అన్నాను.

"మోచేతి దాకా పెట్టు ఆపా."

మర్నాడు ప్రోగ్రాం మొదలవగానే ఫోన్ చేశాను. ఏం మాట్లాడతారని ఆ అమ్మాయి అడిగింది. చిల్లకల్లు నుంచి మాట్లాడుతున్నానని, ఓనరు గారు మా ఊరికి చేసిన మేలుకు నాలుగు మంచి మాటలు చెప్పుకోవాలని అన్నాను. "అయితే చివర్లో తీసుకుంటానండి, లైన్లోనే ఉండండి," అంది. తెలుసు తల్లీ, అందుకేగా పొగుడుతానన్నది. అమ్మను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. ఎందుకే అంది. ఊరికే కూర్చోమన్నాను.

ఓనరు గారు వేయించిన రోడ్డు, పెట్టించిన మంచినీళ్ళ ప్లాంటు, పంచిన స్కూలు బ్యాగులు, అన్నీ వింటూ పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. చివరికి నన్ను పిలిచారు.

"చిల్లకల్లు నుంచి మరో శ్రోత. రేడియో సౌండ్ తగ్గించి మాట్లాడండమ్మా."

"తగ్గించానండి," అన్నాను. "సార్, నమస్కారమండి. మీ నీళ్ళ ప్లాంటు చాలా బాగుందండి. ఒక్క డౌటండి. క్వారీలో పేల్చడం మానేశారని అంటున్నారు, నిజమేనాండి?"

"ఎప్పుడో మానేశామమ్మా," అన్నాడు ఆయన, నవ్వుతూ. "ఇప్పుడంతా మిషన్లతోనే పని. గిట్టనివాళ్ళు ఏదో ఒకటి పుట్టిస్తారు. మొన్నామధ్య ఎవరో ముసలావిడ మంచం మీద నుంచి పడి, రాయి తగిలిందని మా మీద పెట్టింది. పోనీలే, వయసు అలాంటిదని మేం కూడా ఊరుకున్నాం."

లోగదిలో చిన్నగా మోగుతున్న రేడియోలోంచి ఆ మాట అమ్మ చెవిన పడింది. ఆమె తల దించుకుంది. అంతలో నా ఫోన్లో వేణువు మొదలైంది. ఆ ట్యూన్ విని నేను సంతోషపడింది అదొక్కసారే.

"మీ అభిమానానికి ధన్యవాదాలమ్మా, ఈ కార్యక్రమాన్ని సమర్పించిన వారు..." అని ఆయన చదవడం మొదలెట్టాడు.

"సార్, ఒక్క నిమిషం. మీరే వినండి," అని లేచి, ఫోన్ కిటికీలోంచి బయటికి చాపి పట్టుకున్నాను.

సైరన్ కూసింది. ఎప్పటిలాగే ఆగలేదు వాళ్ళు. కూత ఆగీ ఆగకముందే ఢామ్మని పేలింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. పెంకుల మీద సన్నరాళ్ళు టపటపా రాలాయి. కోళ్ళు అరుచుకుంటూ మంచం కిందికి దూరాయి. ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకునేసరికి ఆ ప్రోగ్రాం ఆయన అలవాటు చొప్పున అదే మాట అంటున్నాడు.

"అమ్మా, రేడియో సౌండ్ తగ్గించండమ్మా."

"అది రేడియో కాదండి," అన్నాను. "సార్ వాళ్ళ క్వారీ. నాది చిల్లకల్లు కాదు, నేను ఆ ముసలావిడ కూతుర్ని. మంచం మీద నుంచి పడిన చప్పుడు ఎలా ఉందో సార్‌ను చెప్పమనండి."

ఈసారి వేణువు సౌండ్ పెంచాలని కూడా ఆయనకు తట్టలేదు. లైన్ కట్టయ్యింది.

జగ్గయ్యపేట ఆటో స్టాండులో రేడియో లేని బండి లేదు. మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, నవ్వి నవ్వి ఇంక నవ్వలేక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఎవడు హారన్ కొట్టినా, సౌండ్ తగ్గించండమ్మా అంటన్నారే స్టాండులో," అన్నాడు. అక్కడ క్వారీలో సైరన్ నొక్కే ఆయన్ను మేనేజర్ చెడామడా తిడితే, "పోగ్రాం అయ్యాకేగదండీ నొక్కింది, మీరు చెప్పినట్టేగదా," అన్నాడట. ఆయన భార్య జాకెట్టుకు నేను కూలి తీసుకోలేదు. ఎందుకో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు సైరన్ కూశాక మేం తాపీగా లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాకే పేలుస్తున్నారు. ఓనరు గారు మళ్ళీ రేడియోలో మాట్లాడలేదు. నా కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. అమ్మ చెయ్యి ఇంకా పూర్తిగా మడత పడదు. పిండి పిసికేటప్పుడు ఆమె ముఖం చూసినప్పుడల్లా నాకు మళ్ళీ మొదటి నుంచీ మండుకొస్తుంది.

ఆ గొడవ జరిగిన వారంలోనే మేనేజర్ మా ఇంటికి వచ్చాడు. చేతిలో పళ్ళ సంచి. అతని వెనక, వీధిలో ఆడవాళ్ళు ఏదో పనున్నట్టు నిలబడ్డారు. "ఓనరు గారు పంపారమ్మా, మిమ్మల్ని పలకరించి రమ్మన్నారు," అని సంచి అమ్మ ముందు పెట్టబోయాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. విరిగిన చెయ్యే ఎత్తింది. వరండాలో మంచం వైపు చూపించింది.

"దానికివ్వు నాయనా," అంది. "మీ లెక్కన నన్ను పడేసింది అదేగా. పలకరించి పో."

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతను సంచి తీసుకెళ్ళి మంచం మీదే పెట్టాడు. అమ్మ లేచి చెప్పులు వేసుకుని, ఆ ఆడవాళ్ళ మధ్యలోంచి, ఎన్నో నెలల తర్వాత గడప దాటి వీధిలోకి నడిచింది.