పక్క రేకు మూయాలి

మా కంప్యూటర్ పక్క రేకు విప్పేసి రెండు వేసవులైంది. మధ్యాహ్నం పూట లోపలి ప్రాసెసర్ వేడెక్కి దానంతట అదే ఆగిపోయేది. అందుకని రేకు తీసి, టేబుల్ ఫ్యాను దాని మీదికి తిప్పి పెట్టాను. ముదిగుబ్బలో నాకు తెలిసిన ఇళ్లలో చాలామంది చేసే పనే అది. నేను ఒక ఫోటో స్టూడియోకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఇస్తాను. చెప్పిన రోజుకు ఇవ్వకపోతే పని ఇంకొకరికి పోతుంది. రేకు తీయకముందు అలా రెండుసార్లు ఆలస్యమైంది.

పాప పాకడం మొదలుపెట్టాక ఆ తెరిచిన పెట్టెతో నాకు భయం పట్టుకుంది. ఒకరోజు నేను నీళ్లు తాగడానికి లేచిన నిమిషంలోనే చెయ్యి లోపల పెట్టేసింది. లోపల తిరిగే ఫ్యాను రెక్క వేలి కొసకు తగిలింది. పెద్ద గాయమేమీ కాదు, ఎర్రగా గీత పడింది. అయినా ఆ రోజంతా ఆ వేలినే చూస్తూ ఉండిపోయాను. రేకు మూస్తే కంప్యూటర్ ఆగిపోతుంది, మూయకపోతే పాప వేలు. మరుసటి రోజు పాపను మా అత్త దగ్గర వదిలి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో అనంతపురం పోయాను.

రిపేరు అంగడి అన్న ప్రాసెసర్ మీది ఫ్యాను ఊడదీసి టార్చి వేశాడు. దాని కింద, వేడిని లాగే అల్యూమినియం రేకుల సందుల్లో ఎర్రటి పొట్టు అట్టకట్టి ఉంది.

"ఏమక్కా, దీంట్లో గాని శెనక్కాయలు ఒలిసినారా?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. విత్తనాలకని మా అత్త ఆ గదిలోనే కూర్చుని కాయలు ఒలుస్తుంది, చేటతో చెరుగుతుంది. నేను పెట్టిన టేబుల్ ఫ్యాను ఆ పొట్టునంతా పెట్టెలోకి తోసింది. చల్లబడాలని చేసిందే వేడి పెంచింది.

శుభ్రం చేస్తే చాలదా అని అడిగాను. ఫ్యాను బేరింగు కూడా అరిగిపోయిందని, కొత్తది వేయక తప్పదని చెప్పాడు. ఫ్యాను, రేకులు కలిసి వచ్చే ప్రాసెసర్ కూలర్ ఒకటి నేను ఫోనులో ముందే చూసి పెట్టుకున్నాను, దాన్ని చూపించాను. జానెడు ఎత్తు, వేడిని పైకి లాగే ఆరు రాగి గొట్టాలు, ఒత్తుగా రేకులు. ఇంటర్నెట్లో వాడి చూసినవాళ్లందరూ మెచ్చుకున్నది. అతను లోపలి నుంచి అదే తెచ్చి నా పెట్టెలో నిలబెట్టాడు. రెండు వేళ్ల మందం బయటికి వచ్చింది.

"బాగానే చల్లబెడ్తాది గానీ రేకు మూతపడదు. పైగా ఆ మెచ్చుకున్నోళ్లు దీన్ని వాడి చూసింది ఏసీ రూముల్లో. ఈడ గాలే నలభై డిగ్రీలుంటే, దానికంటే చల్లగా ఏ ఫ్యానూ చెయ్యలేదక్కా."

ఇంకొకటి తీశాడు. పొట్టిది, వెడల్పాటిది, గొట్టాలు నాలుగే. ఫ్యాను పెద్దది, నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి చప్పుడు తక్కువ. దుమ్ము దులపడానికి రేకుల సందుల్లో పెయింటు బ్రష్ పడుతుంది. క్లిప్పు నొక్కితే ఫ్యాను చేతికి వస్తుంది. నా ప్రాసెసర్‌కు ఇది సరిపోతుందా అని మూడుసార్లు అడిగాను. అది ఎన్ని వాట్ల వేడిని లాగగలదో అట్టపెట్టె మీద చూపించాడు, నా ప్రాసెసర్‌కు కావలసిన దానికన్నా ఎక్కువే. అప్పటికీ పెద్దదాని వంకే చూశాను. చివరికి పొట్టిదే తీసుకున్నాను. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే పాత పేస్టు తుడిచి, కొత్తది బఠాణీ గింజంత వేసి బిగించాడు.

ఇంటికి వచ్చి రేకు మూసి మరలు బిగించాను. కాయలు వరండాలో ఒలుచుకోమని అత్తను అడిగాను.

"ఏమ్మే, నీ పెట్టెకు నీడ, నాకు ఎండనా?" అంది. అంటూనే చేటతో పాటు టేబుల్ ఫ్యాను కూడా పట్టుకుపోయింది.

మరుసటి రోజు ఎండ బాగా ముదిరాక ఎడిట్ చేసిన ఒక పెద్ద పెళ్లి వీడియోను తయారవడానికి పెట్టాను. ఉష్ణోగ్రత అంకె మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. డెబ్బై దాటింది, ఎనభైకి వచ్చింది, అక్కడే నిలిచింది. వీడియో పూర్తయ్యేదాకా కంప్యూటర్ ఆగలేదు. పాప పాక్కుంటూ వచ్చి రేకును అరచేతులతో బాదింది. చప్పుడు నచ్చినట్టుంది, మళ్లీ బాదింది. నేను తర్వాతి పెళ్లి తెరిచాను.