ఆమె తరఫున ఒప్పుకున్నవాడు

చదవకుండా ఒప్పుకున్నవాడిదే తప్పని లోకం తీర్పు. తెరమీద నలభై పేజీల షరతులు, అడుగున "అంగీకరిస్తున్నాను" అనే బటన్. నొక్కాక నెత్తీనోరూ కొట్టుకుని లాభమేమిటంటారు. తీర్పు సబబుగానే ఉంది. నొక్కింది ఎవరన్నదే దానికి పట్టలేదు.

ఎంబ్రాయిడరీ మిషన్లు ఇళ్ళలో బిగించి వచ్చే ఆ మెకానిక్కుకు పద్దెనిమిదేళ్ళ అనుభవం. పని శుభ్రం, అంతకుమించి గొప్పవాడేమీ కాడు. రోజుకు నాలుగిళ్ళు ముగించాలి గనక, మిషను వెలగగానే ఆ బటన్ తానే నొక్కేవాడు. కొన్నవాళ్ళు అప్పటికి దారపు కండెల రంగులు చూసుకుంటూ మురిసిపోతుండేవారు.

ఒక ఉదయం ఒక కుట్టుపనావిడ కబురు పెట్టింది. ఆమె మిషను ఆరేళ్ళ క్రితం అతను బిగించినదే. తెరమీద ఒకటే మాట: లైసెన్సు ముగిసింది. ఆమె స్వయంగా గీసి అందులో దాచుకున్న రెండువందల డిజైన్లలో ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఆమె బతుకుతెరువు అవే.

"కొన్నది నేను, గీసింది నేను. తాళంచెవి మాత్రం కంపెనీవాళ్ళ బొడ్లోనా తమ్ముడూ? ఫోన్ చేస్తే ఆ మోడల్ ఆపేశామన్నారు. కొత్తది కొన్నా పాతవి అందులోకి రావట."

"రావక్కా."

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. నమ్మించి నట్టేట ముంచారు. నువ్వేం చేస్తావులే. ఉండు, టీ పెడతాను."

ఆమె రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. కంపెనీని నాలుగు తిట్టి, ఆమెతోపాటు నిట్టూర్చి లేచిపోతే అడిగే నాథుడు లేడు. తెలియక చేసిన తప్పుకు క్షమ ఉందంటారు. అతనిది తెలియకపోవడం కాదు. తెలుసుకునే తీరిక లేదనుకోవడం.

"అక్కా, ఆ రోజు షరతులకు ఒప్పుకున్నది మీరు కాదు, నేను. మీరు సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు. 'ఏముంది అందులో' అనడిగారు. 'అంతా మామూలే' అన్నాను."

"నువ్వు చదివావా?"

"లేదక్కా."

"చదవకుండానే మామూలన్నావా."

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "ఇప్పుడు చదువు. వింటాను."

ఫోనులో తెరిచి చదివాడు. తొమ్మిదో పేజీలో దొరికింది: ఈ మిషనులో గీసిన డిజైన్లు ఈ మిషనులోనే, లైసెన్సు ఉన్నంతకాలమే తెరుచుకుంటాయి. ఆమె ఆ వాక్యాన్ని రెండోసారి చదివించుకుంది.

"కుట్టినవన్నీ అమ్ముకున్నాను. ఈ ఒక్క ముక్క ఆ రోజు చెప్పుంటే, చూసి మళ్ళీ గీసుకోవడానికి ఒక్కోటి గుడ్డముక్క మీద కుట్టి దాచుకునేదాన్ని. అడిగేదెవరులే అనుకున్నావు. ఇంకెన్నిళ్ళల్లో నొక్కావు?"

లెక్క అతనికి తెలియదు.

ఆ ఆదివారం పాత పనిచీటీలు ముందేసుకుని, అదే కంపెనీ తర్వాతి మోడళ్ళున్న ఇళ్ళ చిరునామాలు రాసుకున్నాడు. వాటి లైసెన్సులు ఇంకా నడుస్తున్నాయి. సెలవురోజుల్లో ఒక్కో గుమ్మం ఎక్కి, మీ బదులు నేను ఒప్పుకున్నానని చెప్పి, తొమ్మిదో పేజీ చదివి వినిపించి, ప్రతి డిజైనూ గుడ్డమీద కుట్టి దాచుకోమంటున్నాడు. కొందరు తిడుతున్నారు, వింటున్నాడు. కొత్త ఇళ్ళలో ఆ బటన్ తాను నొక్కడం మానేశాడు. రోజుకు రెండిళ్ళే అవుతున్నాయి.