లేని బ్రిగేడ్ ఇచ్చిన జవాబు

1996 చలికాలంలో నన్ను సిగ్నల్స్ విభాగం తరఫున విశాఖ పక్కన ఆనందపురం దగ్గర జరిగే ఒక సైనిక అభ్యాసానికి పంపారు. అప్పటికి నేను సుబేదారుని. జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్య నలిగే హోదా అది. మా ఊరు భీమిలి వైపే కాబట్టి అప్పుడప్పుడైనా ఇంటి తిండి దొరుకుతుందని సంబరపడ్డాను.

మా పని అర్థం కావాలంటే స్ట్రైక్ కోర్ గురించి కొంచెం చెప్పాలి. కొన్ని బ్రిగేడ్లు కలిస్తే డివిజను, కొన్ని డివిజన్లు కలిస్తే కోర్. సరిహద్దును కాచుకొని కూర్చునే కోర్లు వేరు. స్ట్రైక్ కోర్ పని కాపలా కాదు, కొట్టడం. ట్యాంకుల డివిజను, ఫిరంగులు, కాలువల మీద వంతెనలు వేసే ఇంజనీర్లు అన్నిటినీ వెంటబెట్టుకొని, శాంతికాలంలో సరిహద్దుకు దూరంగా ఉంటుంది. యుద్ధమొస్తే అది ఎటు కదిలిందో తెలియక అవతలివాడికి నిద్ర పట్టదు. ట్యాంకులు కనబడే ముందే రేడియోలు వినబడతాయి. ఎవరు ఎవరితో ఎంత మాట్లాడుతున్నారో వింటే చాలు, కోర్ ఎక్కడుందో మ్యాపు మీద గీసేయవచ్చు.

అందుకే లేని కోర్‌ను రేడియోలో పుట్టించడం కూడా మా విద్యల్లో ఒకటి. బంతి తోటల పక్కన కొన్ని లారీలు, వాటిలో రేడియో సెట్లు, పైనుంచి రాసి పంపిన సంభాషణ. అంతే మా కోర్. నగరంలో ఎక్కడో కూర్చున్న మరో బృందం శత్రువు వేషం కట్టి, మమ్మల్ని వింటూ నిజమో నాటకమో తేల్చాలి. మాకు ఆపరేటర్లు చాలరు. కాబట్టి దూరాన ఉన్నట్టు నటించే బ్రిగేడ్‌కు మావాడు హిందీలో ఆదేశం చదివి, జవాబు వచ్చేంతసేపు ఊరుకొని, అందిందని చెప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ బ్రిగేడ్ గొంతు తమదాకా రావడం లేదని వినేవాళ్లు అనుకోవాలి.

ఒక మధ్యాహ్నం మా హవల్దారు హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చాడు. జవాబు కోసం ఆగే ఖాళీలో నిన్నటి నుంచీ ఎవరో మాట్లాడుతున్నారట. శత్రు బృందం మా నెట్‌లో, అంటే మా సెట్లు మాట్లాడుకునే దారిలో, దూరిందనుకొని నియమం ప్రకారం పట్టించుకోలేదట. గుర్తుమాట చెప్పలేనివాడికి మేం జవాబివ్వకూడదు, విన్నట్టు కూడా తెలియనివ్వకూడదు. కాని ఆ భాష హిందీ కాదు సాబ్ అన్నాడు.

నేను పెట్టుకొని విన్నాను. మావాడు ఆదేశం చదివాడు. ఉన్నచోటే ఉండండి, కదలొద్దు, నీళ్ల బండ్లు బయలుదేరాయి. తర్వాత గరగర. దాని అడుగున సన్నగా ఒక గొంతు.

"సరే సార్. కదల్లేదు. తెరసాప దింపీసినాం. నీల్లు తొరగా అంపండి. మా మావ లెగట్లేదు."

బయట ఎండ కాస్తోంది, తోటలో ఆడవాళ్లు పూలు కోస్తున్నారు. మా లేని బ్రిగేడ్ నా ఊరి యాసలో జవాబు చెబుతోంది.

పరుగున వెళ్లి మా కల్నల్‌కు చెప్పాను. విశాఖలో తెలుగు వచ్చినవాళ్లకు కొదవా, శత్రు బృందం ఒకణ్ణి కూర్చోబెట్టి ఉంటుందని ఆయన కొట్టిపారేశారు. తీసిపారేయదగ్గ మాట కాదది. పైగా సాయంత్రం నుంచి రేడియో మౌనం. దాడికి ముందు స్ట్రైక్ కోర్ పూర్తిగా నోరు కట్టేసుకుంటుంది కాబట్టి మేమూ సెట్లు ఆపేయాలి. ఈలోగా నెట్‌లో ఒక్క తెలుగు మాట పడినా మా నాటకం బట్టబయలవుతుంది. ఆయన పదోన్నతికీ ఎసరే. నేను ఒకటే అన్నాను. నెట్‌లో దూరిన శత్రువు మనకు దొంగ ఆదేశాలిస్తాడు, ఇతనేమో మన ఆదేశాలు పాటిస్తున్నాడు. కల్నల్ నాతో లారీ దాకా వచ్చి, మాట్లాడమన్నారు.

మైకు తీసుకొని ఎవరు నువ్వని తెలుగులో అడిగాను.

"నాను ఎర్రయ్యని సార్, బోటోన్ని. మీలో తెలుగోలు కూడా ఉన్నారేటి?"

వేటకెళ్లిన బోటు ఇంజను చెడిపోయింది. టార్పాలిన్‌ను తెరచాపగా కట్టుకొని ఒడ్డుకు వస్తూ, కొత్తగా బిగించిన వైర్‌లెస్ సెట్టు మర తిప్పుతుంటే మా గొంతు దొరికింది. గుజరాత్ బోట్లలో పనిచేసి వచ్చినవాడు కాబట్టి హిందీ తెలుసు. కదలొద్దని, నీళ్లు వస్తున్నాయని వినబడితే తమతోనే అనుకున్నాడు. ఏ కొండ ఎటు కనబడుతోందో చెప్పించుకొని కల్నల్‌కు అందించాను. ఆయన రేవుకు ఫోన్ చేశారు. చీకటి పడకముందే బోటు దొరికింది. అతని మామ మాత్రం అప్పటికే పోయాడు.

మర్నాడు వన్ టౌన్ ఆసుపత్రికి వెళ్లాను. ఎర్రయ్య వరండాలో బల్ల మీద కూర్చొని ఉన్నాడు. నా గొంతు గుర్తుపట్టి లేవబోయాడు. వద్దన్నాను. బోటు దొరకడానికి ముందటి రాత్రి ఒక ఓడ తమకు దగ్గరగానే వెళ్లిందన్నాడు.

"దీపాలార్పీమన్నారు కదా సార్ మీరు. ఆర్పీసినాం. ఓడ అలగే ఎలిపోనాది. ఎందుకార్పమన్నారేటి?"

దాడికి ముందు బ్రిగేడ్ దీపాలార్పుకుంటుంది. మాకు రాసిచ్చిన ఆదేశాల్లో అదీ ఉంది. అవి లేని సైన్యానికి చెప్పిన మాటలని, అక్కడ నిజంగా ఎవరూ లేరని వివరించాను.

"మరి నాను ఇన్నాను కదా సార్" అన్నాడు.

తర్వాత కొన్నేళ్లు ఆపరేటర్లకు పాఠాలు చెప్పాను. జవాబు కోసం వదిలిన ఖాళీలో హెడ్‌ఫోన్లు తీయకూడదు. గుర్తుమాట తెలియని గొంతు వినబడితే, శత్రువని తేల్చేముందు ఆ భాష వచ్చినవాణ్ణి పిలిచి వినిపించాలి.