నక్కకి నైట్ డ్యూటీ

చిలకమ్మత్త దృష్టిలో ఈ భూమ్మీద షిఫ్టు లేని ప్రాణి పుట్టలేదు. పుట్టినా, ఆవిడ పెరట్లోకి అడుగుపెట్టేసరికి దానికి ఏదో ఒక డ్యూటీ పడిపోయేది. ముంగిసది ఎ షిఫ్టు. పొద్దున్న ఏటి అవతల పెద్ద కంపెనీ సైరన్ కూయగానే గోడ వారనుంచి వచ్చి బెండ మొక్కల మధ్య రౌండు కొట్టి పోయేది. ఉడతలది జనరల్ షిఫ్టు, గబ్బిలాలది బి షిఫ్టు. గుడ్లగూబ సెక్యూరిటీ. పని చెయ్యకుండా ఎప్పుడూ తలాడిస్తూ ఉంటుంది కాబట్టి తొండ సూపర్‌వైజరు. కాకులకు మాత్రం ఆవిడ ఏ డ్యూటీ వెయ్యలేదు. అవి యూనియన్ వాళ్ళట.

పలాస నుంచి కాపురానికి ఆదిత్యపూర్ వచ్చిన కొత్తలో నాకీ సంగతి తెలియదు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం అది. మా క్వార్టరు పెరడుకీ వాళ్ళ పెరడుకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. వచ్చిన మర్నాడు ఆ గోడ పక్కన గిన్నెలు తోముతుంటే అవతల ఒక తల లేచింది. ముక్కుకి అటూ ఇటూ పుడకలు, నోటిమీద వేలు.

“కాసింత పక్కకి జరగమ్మా. ఎ షిఫ్టోడు రౌండుకి వత్తన్నాడు,” అంది.

కంపెనీ మనిషెవరో వస్తున్నాడనుకుని నేను కొంగు సర్దుకుని లోపలికి పరిగెత్తాను. తలుపు సందులోంచి చూస్తే గోడమీద ముంగిస దర్జాగా నడుచుకుంటూ పోతోంది. వెనకాల చిలకమ్మత్త, ఇన్‌స్పెక్షనుకి వచ్చిన ఆఫీసరు వెంట నడిచినట్టు వంగి నడుస్తోంది.

రోజూ సాయంత్రం ఆవిడ బకెట్టు బోర్లించుకుని, గ్లాసుడు టీతో కాకరపందిరి పక్కన కూర్చునేది. ఆ గంటసేపు ఆవిడ భర్త అసిరయ్య మామకి దగ్గడానికి కూడా హక్కు లేదు. మామ గమ్హరియాలో ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో ఫిట్టరు. వర్క్‌షాపులో అంత పెద్ద గొంతున్న మనిషి, ఇంట్లో దగ్గు వస్తే వీధి గుమ్మం దాటి అవతలికి వెళ్ళి దగ్గి వచ్చేవాడు. ఒకసారి తుమ్ము ఆగక పెరట్లోనే తుమ్మేస్తే, ఉడతల జనరల్ షిఫ్టుకి అరగంట నష్టం వచ్చిందని ఆయనకి ఆ పూట చారు పొయ్యలేదు.

ఆ చలికాలంలోనే నక్క వచ్చింది. ఖర్కాయి ఒడ్డు తుప్పల్లోంచి వచ్చి, కంట్రాక్టరు వదిలేసి పోయిన సిమెంటు తూము ఒకటి ఆవిడ పెరటి మూల ఉంటే అందులో కాపురం పెట్టింది. నేనూ చూశాను. మునిమాపు వేళ తూములోంచి ముందు ముక్కు, తరవాత రెండు చెవులు వచ్చాయి. నిలబడి ఒళ్ళు విరుచుకుని, రాలిన రేగిపండొకటి తిని, మా ఇద్దరి వైపూ ఒక్క చూపు చూసి గోడ కంతలోంచి వెళ్ళిపోయింది. నేను చటుక్కున గోడ చాటుకి వంగాను. చిలకమ్మత్త మాత్రం తృప్తిగా టీ తాగి, డ్యూటీకి టైముకే బయల్దేరిందని మెచ్చుకుంది.

నక్కతోక తొక్కితేనే అదృష్టమంటారు. మా క్వార్టర్ల లైనులో ఏకంగా నక్కే కాపురం పెట్టింది. అది వచ్చిన నెలలోనే చివరి క్వార్టరు సోమేశ్వరరావుగారికి ఎన్నాళ్ళనుంచో రాని పర్మనెంటు వచ్చింది. లూర్దమ్మ టీచరు దగ్గర ట్యూషను చదివే పిల్లలందరూ పాసైపోయారు. అందులో ఒకడు పాసవడం చూసి టీచరమ్మే నమ్మలేకపోయింది. దాంతో నక్కకి లైనంతా భక్తులైపోయారు.

మాకు మాత్రం ఆ అదృష్టం రాలేదు. మా ఆయన సూర్యం అదే ఫ్యాక్టరీలో క్రేను నడిపేవాడు. వారానికొక షిఫ్టు. ఎ, బి వారాలు బాగానే గడిచేవి. సి షిఫ్టు వారం వస్తే రాత్రంతా మేలుకోవాలి, పగలు నిద్రపోవాలి. మా పడకగది కిటికీ సరిగ్గా పెరటి వైపు. అటు లూర్దమ్మగారి ట్యూషను పిల్లల ఎక్కాలు, ఇటు సోమేశ్వరరావుగారి రేడియో, మధ్యలో అందరి రోళ్ళు. మంచం మీద అటూ ఇటూ దొర్లి ఎర్రటి కళ్ళతో డ్యూటీకి వెళ్ళేవాడు. ఒక రాత్రి క్రేను మీద కునుకు పట్టింది. కొక్కెం ఆగాల్సిన చోట ఆగక ఖాళీ తొట్టె ఒకదానికి తగిలి పడేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోర్‌మను మాత్రం, మళ్ళీ కునుకు పడితే క్రేను దిగి పార పట్టుకోమన్నాడు.

ఆ మాట నాకు చెప్పి, బయట ఎక్కడా అనవద్దని ఒట్టేయించుకున్నాడు. “కొక్కెం కింద నిలబడేవోల్లు సగం మంది మన లైనోల్లేనే. ఈడు నిద్దరోతాడంటే నా కింద ఎవుడు నిలబడతాడు?” అన్నాడు. ఆ క్రేను సీటంటే ఆయనకి ప్రాణం. నాకు లోపల భయం, బయటికి అనడానికి లేదు. అందరి ఇళ్ళకీ వెళ్ళి నోళ్ళు మూసుకోండని చెప్పడానికి నేనేమైనా చిలకమ్మత్తనా?

ఆ వారంలోనే చిలకమ్మత్త లైనంతా తిరిగి చాటింపు వేసింది. నక్క నైట్ డ్యూటీ దిగి వచ్చి పగలు పడుకుంటోందట. నిద్ర చెడితే తూము ఖాళీ చేసి వెళ్ళిపోతుందట. అది పోతే దాని వెనకే అదృష్టమూ పోతుందట. ఇక చూడండి. సోమేశ్వరరావుగారు రేడియోని చెవికి ఆనించుకుని వినడం మొదలుపెట్టారు. లూర్దమ్మగారు ఎక్కాలు పలకమీద రాయించడం మొదలుపెట్టింది. పిల్లలు “ఆంటీ, లోమడీ సో రహీ హై క్యా?” అని నక్క నిద్ర గురించి గుసగుసగా అడిగి, కాళ్ళ మునివేళ్ళ మీద నడిచేవారు. కుక్కరు విజిల్ వేస్తుందని మా లైనులో మూడు వందల ఏళ్ళు వెనక్కి పోయి అందరూ గిన్నెల్లోనే అన్నాలు వండారు.

మా ఆయన హాయిగా నిద్రపోయాడు.

వారం తిరిగింది. చిలకమ్మత్త మళ్ళీ బయల్దేరి, ఈ వారం నక్కకి ఎ షిఫ్టు పడింది, మిరపకాయలు దంచుకునేవాళ్ళు దంచుకోవచ్చంది. నక్కకి షిఫ్టులు మారడమేమిటని లూర్దమ్మగారు అడగనే అడిగింది.

“మనుసులకి మారగా నేంది దానికేటి? ఎప్పుడూ నైటే అయితే దానికి మాత్రం పేనం కాదా?” అంది చిలకమ్మత్త.

లూర్దమ్మగారు తలూపి మిరపకాయలు తెచ్చుకోవడానికి వెళ్ళింది. నేను మాత్రం ఒకటి గమనించాను. మా ఆయనకి సి షిఫ్టు పడిన వారమే నక్కకీ సి షిఫ్టు పడేది. ఆహా, అదృష్టమంటే ఇదీ, ఇన్నాళ్ళకి నక్కతోక మా కాలి కిందికి వచ్చిందనుకుని మురిసిపోయాను. నా తెలివి అలాంటిది. ఆ కృతజ్ఞత కొద్దీ వారానికోసారి దోసెడు ఎండు నెత్తళ్ళ చేపలు ఆకులో కట్టి నక్క కోసమని గోడమీద పెట్టేదాన్ని. మర్నాటికి ఒక్కటైనా మిగిలేది కాదు. చిలకమ్మత్త కూడా అప్పుడప్పుడు గిన్నెడు కూర పంపేది. వంకాయా ఎండు నెత్తళ్ళూ కలిపి ఆవిడ వండితే మా ఆయన వేళ్ళు నాకేవాడు.

ఇలా ఏడాది దాటింది. ఆ శీతాకాలంలో సోమేశ్వరరావుగారి మనవడికి బారసాల వచ్చింది. ముందే వచ్చి చిలకమ్మత్తని అడిగి, ఆ వారం నక్కకి ఎ షిఫ్టని ఖాయం చేసుకుని మరీ మైకుసెట్టు మాట్లాడుకున్నారాయన. చెట్టుకొకటి చొప్పున గొట్టాలు కట్టించారు.

బారసాల రోజు తెల్లారి మా ఆయన డ్యూటీకి సైకిలెక్కబోతుంటే, సి షిఫ్టు క్రేను నడిపే నారాయణమూర్తి మా పెరటి గేటు దగ్గరికి వచ్చాడు. వాళ్ళమ్మకి బాగోలేదని కబురొచ్చిందట, రాత్రికి రైలెక్కాలి, డ్యూటీ మార్చుకోమని బతిమాలాడు. మా ఆయన కాదనలేకపోయాడు. లోపలికి వచ్చాక గానీ నాకు అసలు సంగతి చెప్పలేదు. ఆ రాత్రి పెద్ద పోత, పొద్దుగూకేసరికే రమ్మన్నారు. ఫోర్‌మను స్వయంగా దగ్గరుంటాడు. అసిరయ్య మామని కూడా ప్రత్యేకంగా పిలిచారు. ఆ రాత్రి కళ్ళు మూతపడ్డాయా, క్రేను సీటు పోయినట్టే.

ఆయన మంచమెక్కిన కాసేపటికే మైకు మొదలైంది. కిటికీ ఊచలు అదిరాయి. ఆయన దిండు నెత్తిమీద పెట్టుకున్నాడు. నేను గదిలోంచి వరండాకీ, వరండాలోంచి గదికీ తిరుగుతున్నాను. బారసాల ఇంటికి వెళ్ళి ఏమని చెప్పను? నిజం చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే సీటు పోతుంది.

అంతలో చిలకమ్మత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, బీన్సుకి నీళ్ళు పోస్తున్న చెంబుతోనే లైను వెంట పరిగెత్తడం కనిపించింది. నేనూ వెనకే వెళ్ళాను. ఆవిడ తిన్నగా వెళ్ళి మైకుసెట్టు వాడి ముందు నిలబడి, కట్టెయ్యమంది. సోమేశ్వరరావుగారు పట్టు పంచె సర్దుకుంటూ వచ్చారు.

“ఈ వారం నక్కకి ఎ షిఫ్టని మీరే కదా చెప్పారు?” అన్నారు.

“డూటీ మార్చుకున్నాది బాబూ. ఇయ్యాల నైటుకెల్లాల.”

“నక్క డ్యూటీ మార్చుకుందా? ఎవరితో?”

చిలకమ్మత్త ఒక్క క్షణం ఆలోచించింది. “ముంగిసతో,” అంది.

సోమేశ్వరరావుగారు తన పర్మనెంటు ఉద్యోగాన్నీ, మైకుసెట్టునీ మనసులో తూచుకున్నట్టు నిలబడ్డారు. చివరికి మైకు కట్టేయించారు. బారసాల పాటలు ముత్తయిదువలు గుసగుసగా పాడారు. ఉయ్యాలలో పిల్లాడు మాత్రం గుక్కపట్టి ఏడిస్తే, ఈ గుంటడికి ఇంకా డ్యూటీ పడలేదు, ఏడవనియ్యండని ఆవిడే సెలవిచ్చింది.

ఇంటికొస్తూ నేను దారిలోనే ఆగిపోయాను. ఆ పొద్దున్న డ్యూటీ మార్చుకున్నది లోకంలో ఒక్క మా ఆయనే. గేటు దగ్గర ఆ మాట నడిచినప్పుడు గోడ అవతల బీన్సుకి నీళ్ళు పోస్తున్నది చిలకమ్మత్త.

సాయంత్రం గోడ దాటి తూము దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. తూము మూతికి అడ్డంగా సాలీడు గూడు కట్టేసింది. లోపల ఎండుటాకులు, వాటి మీద సూపర్‌వైజరు తొండ. తలెత్తితే వెనక చిలకమ్మత్త టీ గ్లాసుతో నిలబడి ఉంది.

“నక్క ఎప్పుడు వెళ్ళిపోయిందత్తా?”

“మొన్నటి వానలకే ఎల్లిపోనాది. తూములోకి నీల్లొచ్చేసినాయి గదా, పాపం.”

“మరి మా ఆయన సంగతి నీకెలా తెలుసు?”

“ఆ తొట్టి పడిన రేతిరి, దాని పక్కన నిలబడ్డది మీ మావేనే. బిగిసిపోన లివరేదో బాగుసెయ్యడానికి పిలిసినారు. నాకొక్కదానికే సెప్పినాడు,” అని టీ గుటకేసింది. నా కళ్ళు తడి కావడం చూసి విసుక్కుంది కూడా. “ఏటే ఆ ముకం? నీ మొగుడి మీద పేమనుకున్నావేటి? కొక్కెం కిందుండేది నా మొగుడు.”

ఆ మాటకి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది.

“అత్తా, మరి నా నెత్తళ్ళు?”

చిలకమ్మత్త కాకరపందిరి వైపు చూసింది. “వంకాయలో బాగున్నాయన్నావు గదే,” అంది మెల్లగా.

సరిగ్గా అప్పుడే మా పెరటి తలుపు తెరుచుకుంది. నిండా నిద్రపోయి లేచిన మా ఆయన, టిఫినుడబ్బా చంకలో పెట్టుకుని, బూట్లు రెండూ చేత్తో పట్టుకుని, వట్టికాళ్ళతో మునివేళ్ళ మీద మెట్లు దిగుతున్నాడు. తూము వైపు చూసి, మమ్మల్ని చూసి, నోటిమీద వేలు పెట్టుకున్నాడు. చిలకమ్మత్త కూడా నోటిమీద వేలు పెట్టుకుంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పోత చక్కగా జరిగింది. పొద్దున్న ఫోర్‌మను తన టీలోంచి సగం ఆయనకి పోశాడట. క్రేను సీటు మా ఆయనదే అయింది. అంతా నక్క చలవే అన్నాడు. అవునన్నాను.

ఆ వారం నుంచి గోడమీద నెత్తళ్ళ పక్కన నాలుగు వంకాయలు కూడా పెట్టడం మొదలుపెట్టాను. మర్నాడు చూస్తే నక్క వాటినీ వదల్లేదు.