హంసలు రాని ఊరి పాట

ఆ రోజుల్లో పాటంటే అందులో నీళ్ళు పారాల్సిందేనని నా గట్టి నమ్మకం. ఒక ఏరు, ఏట్లో పడవ, ఒడ్డున కొబ్బరిచెట్లు, రెండు హంసలు. ఇవేవీ లేకపోతే అదేం పాట? (నేను పుట్టి పెరిగింది ఆదోనిలో. మా వీధి కొళాయికి నీళ్ళెప్పుడొస్తాయో వదిలేవాడికే తెలియదు.) మూడో తరగతితో బడి మానేసి పత్తి మిల్లులో చేరాను. పత్తిలోని ఆకూ చెత్తా ఏరడం పని. నా పక్కన కూర్చునే నేస్తురాలిని అందరం దూదక్క అనేవాళ్ళం; ఎంత తలంటుకున్నా ఆమె జుట్టులో దూది పోయేది కాదు. చేతులతో పత్తి ఏరుతూ ఇద్దరం నోటితో పాటలు కట్టేవాళ్ళం. ఆమె పాటల నిండా పత్తి, దుమ్ము, మేస్త్రీ మీసం. పాపం, దీనికి కవిత్వం అబ్బలేదే అని నాకు జాలేసేది. "ఏమ్మే, నీ పాటలో ఇన్ని నీళ్ళుండాయి, మాకు ఒక బిందె పట్టియ్యకపోతివా!" అని ఆమె నవ్వేది.

దూదక్కకు ఎమ్మిగనూరులో, గుంటలో కూర్చుని కాళ్ళతో తొక్కి నేసే మగ్గాలవాళ్ళ సంబంధం కుదిరింది. పెళ్ళిలో భోజనాలయ్యాక రెండు వైపుల ఆడవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి ఊరిని ఒకరు ఎగతాళి చేస్తూ పాడాలి. పెళ్ళికూతురు మాత్రం తల వంచుకుని నోరు మెదపకూడదు. మావైపు ఓడితే అత్తగారింట్లో ఆమెను ఏళ్ళ తరబడి దెప్పుతారు. "మా అత్త పాటల్లో గట్టిదంట. నా పరువు నీ నోట్లో ఉందమ్మే" అని దూదక్క నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఊరికే సూస్తాండు" అన్నాను, మహా ధీమాగా.

నా వంతు వచ్చింది. కళ్ళు మూసుకుని (గొప్పవాళ్ళు అట్లాగే పాడతారని ఎవరో చెప్పారు) "మా ఊరి ఏటిలో పడవెక్కి వస్తిమి, హంసలు ముందర దోవ చూపంగ" అని ఎత్తుకున్నాను. 

"ఎవురమ్మా ఈమె? ఆదోని నుంచి పడవలో వచ్చినాదంట!" అంది దూదక్క అత్త. "పొద్దున బస్సు దిగినట్ల కనపడె నాకు!"

పందిరంతా గొల్లుమంది. ఆ నవ్వులకు రెండో చరణం మరిచిపోయాను. "పాడమ్మా, ఏరు ఎండిపాయెనా?" అని ఆమె మళ్ళీ అంది. దూదక్క వైపు చూస్తే భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని నా ప్రాణం చచ్చిపోయింది. అప్పుడు, వంచిన తల ఎత్తకుండానే, పెళ్ళికూతురు గొంతెత్తింది:

"మా దూది రాకుంటే మీ మగ్గమేమి నేసునే అత్తా,
గుంటలో కూసోని ఊరికే కాళ్ళాడించేరా అత్తా!"

పెళ్ళికూతురు పాడడమా! అత్త ఆమెను ఎగాదిగా చూసింది. ఉన్నట్టుండి తొడ చరుచుకుని నవ్వింది. "నోరుండే కోడలే దొరికెనే నాకు!" అంటూ వెంటనే అందుకుంది: "నేసే మేము లేకుంటే మీ దూది దిండ్లకేనే కోడలా!" ఇక అత్తా కోడలూ ఆగితేనా! మిగతావాళ్ళం పోటీ సంగతే మరిచిపోయి విన్నాం. నేను మాత్రం నా హంసలను తోలుకుని మెల్లగా వంటల వైపు జారుకున్నాను.

ఇప్పుడు ఆమె ఎమ్మిగనూరులో, నేను ఆదోనిలో, ఇద్దరం అవ్వలం. పాట కడితే ఫోనులో వినిపించుకుంటాం. మొన్న ఒకటి పాడాను. అందులో పత్తి కుక్కిన బోరాలు, మార్కెట్టు దుమ్ము, మేస్త్రీ మీసం కూడా పెట్టాను. మెచ్చుకుంటుందని చూశాను.

"బాగుందమ్మే. అయితే ఒక ఏరన్నా పెట్టకపోతివా? పాటలో నువ్వు లేనట్లుంది."

అందుకని ఇప్పుడు ఆ పాటలో పత్తి మార్కెట్టు వెనకాల ఒక చిన్న ఏరు పారుతోంది. హంసలు గేటు దగ్గరే నిలబడి ఉన్నాయి. ఇంకా లోపలికి రమ్మనలేదు.