లోపల వదిలిన బట్ట

నిన్న మనవరాలి క్రిస్మస్ గౌను కోసం కొత్త బట్ట విప్పగానే గంజి వాసన గుప్పుమంది. ఆ వాసనతో శాంతమ్మత్త గుర్తొచ్చింది. ఆమె వెనకే నా పాత అసూయ కూడా వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళయినా అది చావలేదు.

యాభైల చివర్లో తిరుమలగిరిలో శాంతమ్మత్తది మా పక్కిల్లు. మా అమ్మ పోయాక నన్ను చేరదీసి కుట్టుపని, ప్రార్థన రెండూ నేర్పింది. ఆమెకు ఒక్కతే కూతురు, ఎస్తేరు. తల్లి మాట కాదని ఒకతనితో బొంబాయి వెళ్ళిపోయింది. తర్వాత జాబు లేదు, జాడ లేదు. అయినా ఏటా క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమనకాలం మొదటి ఆదివారం గుడి నుంచి రాగానే అత్త ఎస్తేరుకు కొత్త రైక కత్తిరించేది. ఆ తర్వాతే నాకు. నీళ్ళు మోసేది నేను, జ్వరమొస్తే కాళ్ళు పట్టేది నేను. మొదటి రైక మాత్రం లేనిదానికి. నాకు ఒళ్ళు మండిపోయేది.

పైగా ఎస్తేరు రైకలో కుట్టు లోపల బోలెడు బట్ట వదిలేది. "రాని మనిషికి గింత బట్ట ఎందుకత్తా?" అని ఒకసారి అడిగేశాను.

"పోగొట్టుకున్నదంతా మళ్ల ఇస్తనని దేవుడు మాటిచ్చిండు. ఎట్లయి వస్తదో మాత్రం చెప్పలే. లావయి వస్తే కుట్లు విప్పొచ్చు" అంది మిషను ఆపకుండా.

ఎస్తేరు రాకూడదని నేను కోరుకోలేదు. వస్తే ఆ ఇంట్లో నా చోటు పోతుందని మాత్రం భయపడేదాన్ని.

ఒక డిసెంబరు మధ్యాహ్నం ఎస్తేరు బస్సు దిగి వచ్చింది. ఒంటరిగా, నిండు చూలాలిగా. వాకిట్లో నిలబడి ఏడుస్తుంటే అత్త ఒక్క ప్రశ్న వేయలేదు. "ఎండల నిలవడ్డవేంది బిడ్డా, లోపలికి రా" అంది. పెట్టెలోంచి ఆ ఏటి రైక తీసి, కుట్లు విప్పమని నా చేతికిచ్చింది. విప్పి మళ్ళీ కుట్టాను. సరిపోయింది. అది తొడుక్కుని ఎస్తేరు తల్లి పక్కన, రోజూ నేను కూర్చునే చోట కూర్చుంది.

ఇంటికెళ్ళి నా రైక తిరగేసి చూశాను. లోపల వేలెడు బట్ట కూడా లేదు. మర్నాడు ఉండబట్టలేక, నా రైకలో బట్ట ఎందుకు వదల్లేదని అత్తనే అడిగాను.

ఆమె నవ్వింది. "నువ్వు రోజు నా కండ్ల ముంగట్నే ఉంటివి గదనే. నీ కొలత నాకు ఎరికే. నీ కోసం ఎదురుచూసుడేముంది?"

అది ప్రేమేనని నాకు తెలుసు. ఎస్తేరుకు కూతురు పుడితే మొదటి చొక్కా నేనే కుట్టాను, ఇష్టంగానే కుట్టాను. అయినా నా కోసం కూడా ఎవరైనా అలా ఎదురుచూస్తే బాగుండుననే కోరిక పోలేదు.

మనవరాలు నా దగ్గరే పెరుగుతోంది, రాత్రి నా పక్కనే పడుకుంటుంది. దాని కొలత నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. అయినా నిన్న గౌను కత్తిరిస్తూ, లోపల నాలుగు వేళ్ళ బట్ట వదిలాను.