ముక్కుగారి సాక్ష్యం

విస్కీ కంపెనీలో ఆయన్ని అందరూ ముక్కుగారు అంటారు. యజమాని దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అదే పిలుపు. పీపాల్లో ఏళ్ల తరబడి ఊరిన సరుకును వాసన చూసి, నోట్లో పోసుకుని, పుక్కిలించి బకెట్లో ఉమ్మేసి, ఏది సీసాకెక్కాలో ఏది ఇంకొన్నాళ్లు ఆగాలో తేల్చడం ఆయన ఉద్యోగం. ఒక్క చుక్క మింగడు. పొద్దస్తమానం విస్కీ మధ్య ఉండి కూడా తాగకుండా ఇంటికొచ్చే మొగుణ్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆయన భార్యకు మాత్రం వెయ్యదు. పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంట్లో సెంటు సీసా లేదు, వాసన సబ్బు లేదు. "నేను కట్టుకున్నది మిమ్మల్నా, మీ ముక్కునా?" అని ఆవిడ ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది.

ఆ ముక్కుకు ఇంట్లో ఇంకో ఉద్యోగం పడింది. అదే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పనిమంతుడు, మాటకారి, తాగుబోతు. భార్యాబిడ్డలతో పై వాటాలో కాపురం. దగ్గుబిళ్లలు చప్పరిస్తూ వచ్చి మామూలు ముక్కుల్ని ఇట్టే బోల్తా కొట్టించేవాడు. దాంతో మరదలు ఒక ఏర్పాటు చేసింది. సాయంత్రం పని నుంచి రాగానే తమ్ముడు ముందు కింద వాటాలో ఆగాలి, అన్నగారి ముందు నోరు తెరవాలి. ముక్కుగారు వంగి ఒక్కసారి పీల్చి, "మధ్యాహ్నం, రమ్ము, నీళ్లు కూడా కలపలేదు" అనేవాడు. ఇక వాదన ఉండేది కాదు.

ఒకసారి మాత్రం తమ్ముడి మొహం చూసి జాలిపడి, తాగలేదని అబద్ధమాడాడు. ఆ సాయంత్రమే తమ్ముడు పాపను స్కూటరెక్కించుకుని వెళ్లి పడేశాడు. పిల్ల చెయ్యి విరిగింది. ఆసుపత్రి వరండాలో మరదలు అరవలేదు. "మీకు తెలిసే చెప్పలేదు కదా బావగారూ" అంది. ఇంకొక్కసారి తాగాడని తేలితే పాపను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతానని, మళ్లీ రానని కూడా అంది. అప్పటి నుంచి తమ్ముడు తాగలేదు. రోజూ స్టూలు మీద కూర్చుని నోరు తెరవడం, నవ్వుకుంటూ మెట్లెక్కడం. ముక్కుగారి కడుపు చల్లబడింది.

విస్కీలో పొగ రకాలని ఉంటాయి. బార్లీ గింజల్ని ఆరబెట్టేటప్పుడు కింద చిత్తడి నేల మట్టిగడ్డల్ని కాలుస్తారు. ఆ పొగ గింజకు పట్టిందంటే ఏళ్లు గడిచినా వదలదు. వాసన చూసే ముక్కునూ అంత తేలిగ్గా వదలదు. అందుకే కంపెనీలో పొగ సరుకును శనివారమే చూస్తారు, ఆదివారం ముక్కుకు సెలవు. శని ఆదివారాలు తమ్ముడి కుటుంబం అత్తారింట్లో ఉంటుంది కాబట్టి ఈ సంగతి ఇంట్లో చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ఆ వారం ఎవరో కొనేవాళ్లు తొందరపెట్టారని యజమాని మంగళవారమే గ్లాసులు పెట్టించాడు. రంగు చూసి మోసపోకుండా నీలం గ్లాసులు. లేత పొగ నుంచి ఘాటు పొగ దాకా వరుస. ఒకదాంట్లో ఆరిన కుంపటి, ఒకదాంట్లో కొత్త తారురోడ్డు, ఇంకోదాంట్లో ఆసుపత్రి దూది. మధ్యమధ్య ముక్కు తేటపడటానికి తన మోచేతి మడతను తనే వాసన చూసుకున్నాడు. ఆ పనిలో ఉన్నవాళ్లు చేసేదే. చివరి రెండు గ్లాసుల్లో పొగ దేంట్లో లోతుగా ఉందో ఎంతకీ తెగలేదు. చూసిందే చూశాడు. ఇంటికి వస్తున్నప్పుడూ ఆలోచన ఆ రెండింటి మీదే.

స్టూలు మీద తమ్ముడు నోరు తెరుచుకుని కూర్చున్నాక గానీ సంగతి తట్టలేదు. వంగాడు. పొగ. మళ్లీ వంగాడు. పొగే. వెళ్లి మొహం కడుక్కుని వచ్చి మోచెయ్యి వాసన చూసుకున్నాడు. అక్కడా పొగే.

"ఏంటి బావగారూ, ఇవాళ ఇంతసేపు?" అంది గుమ్మంలో నిలబడ్డ మరదలు.

"ఇవాళ నాకు తెలియట్లేదమ్మా. పొగ సరుకు చూశాం. ముక్కు పనిచెయ్యట్లేదు."

"నీళ్లు కలిపాడో లేదో కూడా చెప్పే మీకు, తాగాడో లేదో తెలియట్లేదా?"

"తాగలేదన్నయ్యా, పాప మీద ఒట్టు. నీకు తెలుసుగా, చెప్పెయ్" అన్నాడు తమ్ముడు.

తాగలేదనేద్దామని నోటిదాకా వచ్చింది. మెట్ల మీద పాప కూర్చుని ఉంది. విరిగి అతికిన ఆ చేతిని చూశాక ఆ మాట మింగేశాడు. పోనీ తాగాడందామంటే, తాగకపోయి ఉంటే? లోకంలో తెలియదనే మాట ఎవరైనా అనొచ్చు. ఆయన అంటే చెల్లదు. ఇన్నేళ్లూ ఆ ముక్కు ఒక్కసారీ తప్పకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నిజం చెబుతూ కూడా దొంగలా నిలబడాల్సి వచ్చిందని ఆయనకు ఏడుపొచ్చింది.

"మీరు చెప్పలేకపోతున్నారంటేనే అర్థమైపోయింది లెండి" అంది మరదలు. ముక్కుగారి భార్య చెయ్యి పట్టుకుని ఆపినా ఆగలేదు. చీకటి పడకముందే పాపతో టాక్సీ ఎక్కింది. తమ్ముడు బతిమాలలేదు. స్టూలు మీద నుంచి లేచి, "నువ్వు కూడా నమ్మలేదు కదన్నయ్యా" అనేసి వీధిలోకి వెళ్లిపోయాడు. నమ్మానని అనలేకపోయాడు ముక్కుగారు.

తెల్లారేసరికి ముక్కు తేటపడింది. పక్కింటి కాఫీ, కిటికీ కింద తడిసిన సిమెంటు, అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. అప్పుడు తమ్ముడు తలుపు తోసుకొచ్చి స్టూలు మీద కూలబడి, ఎవరూ అడగకుండానే నోరు తెరిచాడు. రమ్ము. నీళ్లు కలపలేదు. రాత్రంతా తాగాడు. నిన్న సాయంత్రం తాగాడో లేదో ఆ కంపు కింద పూడుకుపోయింది, ఇక ఎప్పటికీ తేలదు.

"ఇప్పుడు చెప్పన్నయ్యా, తాగానా?"

"తాగావురా" అన్నాడు ముక్కుగారు. వినడానికి గుమ్మంలో మరదలు లేదు.